కోరుట్లలో కాగని నీళ్లు

డిసెంబరు రెండో వారం, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. కోరుట్లలో ఒక ఇంటి డాబా మీద ఆ సమయానికి ఉన్నవి: నూట యాభై లీటర్ల సోలార్ వాటర్ హీటర్ ఒకటి, దానికి పదిహేను గాజు గొట్టాలు, వెయ్యి లీటర్ల చన్నీళ్ల ట్యాంకు ఒకటి, చాటలో కందులు, నులక మంచం ఒకటి, దాని మీద నాలుగు మడతలు వేసిన దుప్పటి ఒకటి. ఉన్నవాళ్లు: ఇంటి పెద్దావిడ నర్సవ్వ, ఆమె కోడలు రజిత, నేను. నర్సవ్వ కొడుకు శ్రీనివాస్ మస్కట్‌లో డ్యూటీ మధ్యలో నిలబడి, రజిత చేతిలోని ఫోన్ తెర మీద నుంచి మమ్మల్ని చూస్తున్నాడు. ఈ జాబితా ఆ రోజే నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఏ ఇంటికి వెళ్లినా ముందు ఉన్నవి రాసుకోవడం నా అలవాటు. రాసుకున్నదాన్ని సరిగా చదవడం నేర్చుకోవడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది.

ఉద్యోగ జ్ఞాపకాలు మామూలుగా అరవై దాటినవాళ్లు రాస్తారు. నేను ఆ వృత్తి నుంచి ముప్పై ఒకటో ఏట విరమించాను. మెకానికల్ డిప్లొమా అయ్యాక ఏడేళ్లు జగిత్యాలలో సోలార్ హీటర్లు అమ్మే ఒక డీలర్ దగ్గర పనిచేశాను. ఇప్పుడు సిరిసిల్లలో ఒక ప్రైవేటు ఐటీఐలో పాఠాలు చెబుతున్నాను. అప్పటి నా హోదా జూనియర్ సర్వీస్ ఇంజనీర్. కార్డు మీద ఇంజనీర్ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండేది. నిచ్చెనా, స్పానర్ల సంచీ మోసేది కూడా ఆ ఇంజనీరే. నా పైన సర్వీస్ ఇన్‌చార్జి ఒకరు ఉండేవారు. నా కింద ఎవరూ లేరు.

ముందు యంత్రం గురించి నాలుగు మాటలు. గాజు గొట్టం అని మేమనేది నిజానికి ఒకదాంట్లో ఒకటి దూర్చిన రెండు గొట్టాలు. రెండింటి మధ్య గాలి తీసేసి ఉంటుంది, ఫ్లాస్కులో లాగా. లోపలి గొట్టానికి నల్లటి పూత. ఎండ తగిలితే లోపలి నీళ్లు వేడెక్కి, తేలికై, పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకులోని చల్లటి నీళ్లు బరువుకు కిందికి దిగుతాయి. మోటారు లేదు, కరెంటు లేదు, తిరిగే భాగం ఒక్కటి కూడా లేదు. సాయంత్రానికి కాగిన నీళ్లు తెల్లారేదాకా ట్యాంకులో వేడిగా ఉంటాయి. ఇంత సాదా యంత్రం చెడిపోవడానికి కారణాలు కూడా తక్కువే. మా కంప్లైంట్ ఫారంలో మొత్తం పదకొండు ఉండేవి.

ఆ ఇంట్లో యంత్రాన్ని నవంబరు నెల మధ్యలో నేనే బిగించాను. దాన్ని కోరి తెప్పించుకున్నది రజిత. ఆమె బీడీలు చేస్తుంది. పొద్దున నాలుగున్నరకు లేచి, పెరట్లో కట్టెల పొయ్యి ఊది, ఇద్దరు ఆడపిల్లలకూ అత్తకూ తనకూ నీళ్లు కాచి, పిల్లలను ఏడున్నర బడి బస్సు ఎక్కించాక గానీ ఆమె బీడీల చాట ముందు కూర్చోలేదు. నీళ్లు కాచడానికే గంట పోతుందని ఆమె లెక్క. ఆ గంట కోసం రెండేళ్లు భర్తను అడిగి, చివరికి ఒప్పించింది. మొదటి పది రోజులు నీళ్లు బాగా కాగాయి. రజిత పొయ్యి మీద బీడీ ఆకు గోనెసంచి పెట్టేసింది. పదకొండో రోజు నుంచి ఆ సంచి మళ్లీ దించాల్సి వచ్చింది.

"మొన్న పెట్టినప్పుడు మంచిగనే కాగినయి సారూ," అంది రజిత ఆ మంగళవారం. "గిప్పుడు చెయ్యి పెడితె బోరు నీళ్ల లెక్కనే ఉంటున్నయి. మల్ల పొయ్యే ఊదుతాన."

ఫోన్‌లోంచి శ్రీనివాస్ అందుకున్నాడు. "చలికాలంల పని చెయ్యనిది ఎండకాలంల చేస్తదా ఏంది సారు? ఎండకాలం మా ఇంట్ల ఉత్త నల్లా ఇప్పితెనే చేతులు కాల్తయి."

థర్మామీటర్ తీసి ట్యాంకు నీళ్లు చూశాను. ఇరవై ఆరు డిగ్రీలు. పదకొండు గంటలకు అది పెద్ద వింత కాదు. పొద్దున వాడేసిన నీళ్ల స్థానంలో కొత్త నీళ్లు నిండుతాయి, అవి కాగడానికి నాలుగింటిదాకా పడుతుంది. గొట్టాలు పదిహేనూ ఎండలో మెరుస్తున్నాయి. ఎక్కడా పగులు లేదు, కారడం లేదు. ఫారం ప్రకారం అడగాల్సిన ప్రశ్న అడిగాను. యంత్రాన్ని ఎవరైనా ముట్టారా, కదిలించారా అని.

"ఎవ్వలు ముట్టలే కొడుకా," అంది నర్సవ్వ. "నేనైతె దాన్ని కన్నపిల్ల లెక్క చూసుకుంటాన. ఎండల నిలవడకు, గీ దుప్పటి మీద కూసో. మావోడు మస్కట్ల కెల్లి పంపిండు."

కూర్చున్నాను. దుప్పటి మెత్తగా, వెచ్చగా, హాయిగా ఉంది. మడతల మధ్య నుంచి ఒక పులి కన్ను నన్ను చూస్తోంది. గల్ఫ్ నుంచి వచ్చే దుప్పట్ల మీద పులో, గులాబీలో ఉండటం మామూలే.

నా అనుమానం వాల్వు మీద పడింది. చన్నీళ్ల ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు ఒకటి ఉంటుంది. అది సరిగా మూసుకోకపోతే రాత్రంతా వేడి జారిపోతుంది. మార్చాను. ఫారంలో నాలుగో కారణం దగ్గర టిక్కు పెట్టాను. రజితకు ఒక పని అప్పగించాను. రోజూ పొద్దున ఐదున్నరకు నల్లా కింద చెయ్యి పెట్టి చూసి, కాగితే గీత, కాగకపోతే సున్నా, స్నానాల గది తలుపు మీద సుద్దముక్కతో రాయమన్నాను.

బుధవారం గీత. గురువారం సున్నా. శుక్రవారం సున్నా.

శుక్రవారం మళ్లీ వెళ్లాను. మా సర్వీసు నియమాల్లో నాలుగోది, విజిట్‌కు గంట ముందు కస్టమర్‌కు ఫోన్ చేయాలి. ఈ నియమాన్ని నేను ఒక్కసారి కూడా తప్పలేదు. నేను వెళ్లేసరికి డాబా ఊడ్చి ఉంది, మంచం వాల్చి ఉంది, దుప్పటి మడిచి ఉంది, గ్లాసులో మజ్జిగ సిద్ధంగా ఉంది. ట్యాంకు నుంచి స్నానాల గదికి దిగే పైపు మీది తొడుగు ఒకచోట చిరిగినట్టు కనిపించింది. ఆ పొడుగునా కొత్త తొడుగు వేశాను. ఏడో కారణం, టిక్కు.

శుక్రవారం మస్కట్‌లో సెలవు కాబట్టి శ్రీనివాస్ ఈసారి మంచం మీద పడుకుని మాట్లాడాడు. "సారు, మీరు మంచోళ్లే. నేనేమంట లేను. వచ్చే శుక్రవారం దాక చూస్త. కాకుంటె వాపస్ తీస్కపోర్రి."

ఫోన్ పక్కన పెట్టాక రజిత తలుపు దగ్గర ఆగి అంది: "వాపస్ పోతె ఇగ మల్ల కొనడు సారు. నా మొగడు నాకు తెల్వదా? నా పొయ్యి నాకే."

శనివారం గీత. ఆదివారం సున్నా. సోమవారం గీత. మంగళవారం సున్నా.

ఆ సోమవారం గీత నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. నేను ఒక పట్టిక వేశాను. నిలువు వరుసలు ఆరు: తేదీ, మబ్బు, పొద్దుటి చలి, వాడిన బకెట్లు, చన్నీళ్ల ట్యాంకు మట్టం, నేను వెళ్లిన రోజులు. మూడు గీతల్లో రెండు నేను వెళ్లిన మరుసటి రోజువి. సోమవారానికి మాత్రం ఏ వరుసలోనూ కారణం దొరకలేదు. ఆదివారం ఎండ ఎక్కువగా ఉండి ఉంటుందని రాసుకుని, కింద ప్రశ్నార్థకం పెట్టాను. ఆదివారం పొద్దున్నే నర్సవ్వ బుగ్గారంలో ఉన్న బిడ్డ ఇంటికి పోయి, సోమవారం పది గంటల బస్సుకు తిరిగి వచ్చింది. ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు. మజ్జిగ ఇస్తూ ఆమే చెప్పింది. పట్టికలో మనుషులకు వరుస లేదు కాబట్టి దాన్ని ఎక్కడా రాయలేదు.

ఈలోగా ఆ వాడలో నాకు పేరు వచ్చింది. మంగళవారం మూడోసారి వెళ్లినప్పుడు ఎదురింటావిడ గేటు దగ్గరే ఆపి, సారు చెయ్యి పడితే నీళ్లు కాగుతాయట కదా, మా ఇన్వర్టర్‌ను కూడా ఒకసారి ముట్టి పొమ్మని అడిగింది. రజిత నవ్వలేదు.

"మీరచ్చిన్నాడు కాగుతయి, పోయినంక సల్లవడుతయి," అంది. "ఒక పని చెయ్యుర్రి సారు. మా ఇంట్లనే అల్లుని లెక్క ఉండిపోర్రి. రెండు పూటల బువ్వ పెడ్త. నీళ్లన్న కాగుతయి."

"బువ్వకేం తక్కువనే," అంది నర్సవ్వ. "పాపం, చిన్నోడు. ఎండల పడి అస్తున్నడు."

ఆ రోజు గొట్టాలు ఒక్కొక్కటీ చూశాను. గొట్టం కొసన వెండిలా మెరిసే పూత ఉంటుంది. లోపలికి గాలి దూరితే అది తెల్లబడుతుంది. ఎనిమిదో గొట్టం కొస కాస్త పాలిపోయినట్టు అనిపించింది. ఎంత పాలిపోయిందంటే, అనిపించాలని చూస్తేనే అనిపించేంత. మార్చాను. రెండో కారణం, టిక్కు. తీసిన గొట్టాన్ని పిట్టగోడ మూలన నిలబెట్టి, తర్వాత తీసుకెళ్తానని చెప్పాను. దుప్పటి మీద కూర్చుని ఫారం నింపాను.

మా డీలర్ దగ్గర మూడు విజిట్ల నియమం ఉండేది. మూడుసార్లు వెళ్లాక కూడా అదే కంప్లైంట్ వస్తే యంత్రాన్ని విప్పి వెనక్కి తేవాలి. విప్పేది కూడా బిగించినవాడే.

బుధవారం నాకు వారపు సెలవు. సిరిసిల్లకు ఇంటికి పోయాను. పొద్దున్నే రజిత ఫోన్ చేసి గీత అని చెప్పింది. మా బాపు నలభై ఏళ్లుగా సాంచెల మీద పనిచేసే మనిషి. సాంచె అంటే మా ఊళ్లో మరమగ్గం. భోజనం దగ్గర ఆయనకు కథంతా చెప్పాను. పట్టిక కూడా చూపించాను. ఆయన పట్టిక చూడలేదు.

"నువ్వు పోయిన్నాడు కాగుతయి, పోనినాడు కాగయి అంటున్నవు," అన్నాడు. "మరి పోనినాడు పోయి చూడాలె గదరా."

నేను పోతే అది పోయిన రోజే అవుతుంది కదా అన్నాను.

"ఫోన్ చెయ్యక పో. సేటు అస్తుండని తెలిస్తె అన్ని సాంచెలు మంచిగనే నడుస్తయి."

గురువారం ఐదు గంటల నలభై నిమిషాలకు ఫోన్ మోగింది. "సున్నా సారు," అని పెట్టేసింది రజిత. ఇన్‌చార్జికి చెప్పాను. శుక్రవారం మధ్యాహ్నం బండి పంపుతానని, విప్పడానికి స్పానర్లు సిద్ధంగా పెట్టుకోమని ఆయన అన్నారు. నేను జగిత్యాలకు పోకుండా, వేములవాడ మీదుగా బైకు మీద నేరుగా కోరుట్లకు బయల్దేరాను. సర్వీసు నియమాల్లో నాలుగోదాన్ని ఆ రోజు మొదటిసారి తప్పాను.

పది గంటలకు చేరాను. రజిత ముందు గదిలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. నన్ను చూసి, విప్పడానికి వచ్చారా అన్నట్టు చూసి, మెట్ల వైపు గడ్డం ఎత్తింది. పైకి ఎక్కాను.

పదిహేను గొట్టాల మీద పులి పడుకుని ఉంది.

నిండుగా పరిచిన దుప్పటి. తల దక్షిణానికి, నోరు తెరుచుకుని, నాలుగు కాళ్లూ చాపి, మంచి ఎండలో ఉంది. కొసలు ఎగిరిపోకుండా నాలుగు ఇటుకలు. కొలత చూశాను, అలవాటు కొద్దీ. ఇద్దరు కప్పుకునే దుప్పటి నూట యాభై లీటర్ల యంత్రానికి సరిగ్గా సరిపోతుంది. కనిపిస్తున్న గొట్టాలు సున్నా. పక్కనే మంచం మీద నర్సవ్వ కందులు ఏరుతోంది. దక్షిణం వైపు పక్కింటి పిట్టగోడ మీద నాలుగు కోతులు వరసగా కూర్చుని, పులి ఎప్పుడు లేస్తుందా అన్నట్టు చూస్తున్నాయి.

"అయ్యో కొడుకా!" నర్సవ్వ గబగబా లేచి ఒక ఇటుక తీసింది. "ఫోనన్న చేస్తె తీసేటిదాన్ని గదా. నువ్వు కూసునేటిది గిదే గదా."

ఎందుకు కప్పావవ్వా అని అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసింది. దక్షిణాన మామిడి తోట ఉంది, కోతులన్నీ అక్కడి నుంచే వస్తాయి. ఎదురింటివాళ్ల రెండు కిటికీ అద్దాలు ఇప్పటికే పగిలాయి. చేన్ల దగ్గర కోతులు రాకుండా పులి బొమ్మ పెట్టడం ఈ ప్రాంతంలో అందరూ చేసేదే. యంత్రం బిగించిన పదో రోజున మస్కట్ నుంచి వచ్చిన మనిషి చేత శ్రీనివాస్ దుప్పటి పంపాడు. ఆమె కళ్లకు అది దుప్పటి కాదు, కావలి. పొద్దున ఎండ రాగానే కప్పుతుంది. నాలుగింటికి తీసి కిందికి తీసుకుపోయి, రాత్రి తాను కప్పుకుంటుంది.

ఎండ గొట్టాల మీద పడాలి కదా అన్నాను.

"పడుతలేదా?" అంది నర్సవ్వ. "దుప్పటి ముట్టి చూడు, ఎంత కాగిందో! గింత కాగిన దుప్పటి కింద నీళ్లు కాగయా?"

ముట్టి చూశాను. థర్మామీటర్ కూడా పెట్టాను. నలభై ఏడు డిగ్రీలు. నాలుగు మడతల దుప్పటి లోపలి దాకా ఎందుకు వెచ్చగా ఉంటుందో మూడుసార్లు కూర్చున్నా నేను ఆలోచించలేదు. ఉష్ణ ప్రసారం అనేది నేను డిప్లొమాలో మొదటి శ్రేణిలో పాసైన సబ్జెక్టు. ఆ ఇంట్లో సౌరశక్తి వృథా అయిందని కూడా అనలేను. నీళ్లకు పోవాల్సింది రోజూ నర్సవ్వకు పోతోంది.

మాటలు విని రజిత పైకి వచ్చింది. మెట్ల చివర ఆగిపోయింది.

"అత్తా! ఎండకేస్త అంటె తీగ మీద ఏస్తున్నవనుకున్న. దీనికి కప్పుతున్నవా?"

"కప్పక? గాజు జాగ్రత్తనే అవ్వా అని చెప్పింది నీ మొగడు గాదా?"

"జాగ్రత్త అంటె దుప్పటి కప్పి పండవెట్టుడా? దానికేమన్న చలిజ్వరమచ్చిందా?"

"కోతులు పల్గగొడితె మల్ల నన్నే అందురు."

"పల్గగొడితె ఒక గొట్టం పోతుండె. నువ్వు పదిహేను గొట్టాలు బంద్ పెట్టినవు గదా! పొగల నా కండ్లు పోయినయి. నువ్వేమో పులిని కప్పుకొని పన్నవు."

నర్సవ్వ దుప్పటి కొసను చేత్తో నిమిరింది. "వెచ్చగుంటాందే మరి," అంది మెల్లగా.

ఆమెకు చెప్పి ఒప్పించడం నా వల్ల కాదని అర్థమైంది. చూపించడమే మార్గం. మంగళవారం నేను చెడిపోయిందని తీసేసిన గొట్టం మూలన అలాగే ఉంది. దాన్ని నీళ్లతో నింపి, పిట్టగోడకు ఆనించి ఎండలో పెట్టాను. యంత్రం మీద పులిని కదిలించలేదు. గంటన్నర ముగ్గురం కూర్చున్నాం. రజిత తన చాట పైకి తెచ్చుకుంది. కోతులు రెండు వెళ్లిపోయి మూడు వచ్చాయి.

తర్వాత గొట్టంలోని నీళ్లు ఒక చెంబులో, యంత్రం నల్లా నీళ్లు ఒక చెంబులో పట్టి నర్సవ్వ ముందు పెట్టాను. మొదటి చెంబులో వేలు పెట్టి చటుక్కున తీసేసింది. రెండో చెంబులో చెయ్యంతా పెట్టి, కదిపి, మళ్లీ మొదటిది చూసింది.

"అయితె," అంది, "ఇన్ని దినాలు నీళ్ల ఎండ పులి తాగింది."

నేను చెడిపోయిందనుకున్న గొట్టం గంటన్నరలో నీళ్లను చెయ్యి పెట్టలేనంతగా కాచిందన్న విషయం కూడా అప్పుడే తేలింది. గొట్టాన్ని మెల్లగా మళ్లీ మూలన పెట్టేశాను.

దుప్పటి తీసేస్తే సమస్య తీరుతుందని రజిత అంది. నర్సవ్వ ఒప్పుకోలేదు. ఆమె అభ్యంతరాలు రెండు, రెండూ న్యాయమైనవే. ఒకటి, కోతులు. రెండు, దుప్పటి ఎండలో లేకపోతే రాత్రికి చల్లగా ఉంటుంది. గదిలో తీగ మీద వేస్తే పనికిరాదు, కింది వాకిట్లో మధ్యాహ్నం దాకా ఎండ రాదు. అంటే ఆ డాబా మీద ఒకే ఎండ మూడు పనులు చేయాలి: నీళ్లు కాగాలి, దుప్పటి కాగాలి, పులి కోతులకు కనబడాలి.

డిసెంబరులో మా ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి రాడు. దక్షిణానికి వాలి, మధ్యాహ్నం కూడా దాదాపు నలభై ఎనిమిది డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మూడడుగుల పిట్టగోడ నీడ అప్పుడు రెండడుగుల ఎనిమిది అంగుళాలు పడుతుంది. యంత్రం గోడకు నాలుగడుగుల దూరంలో ఉంది. కాబట్టి దుప్పటిని దక్షిణం పిట్టగోడ మీంచి బయటికి వేలాడదీస్తే, గోడకు ఉన్న నీడే తప్ప కొత్త నీడ రాదు. దుప్పటికి రోజంతా ఎండ తగులుతుంది. పులి ముఖం నేరుగా మామిడి తోటకు ఉంటుంది. ఈ లెక్కంతా సుద్దముక్కతో డాబా మీద వేశాను. నర్సవ్వ లెక్క చూడలేదు. పులి ముఖం బయటికా లోపలికా అని మాత్రం అడిగింది. బయటికే అన్నాను.

"రోజు ఒక్క తావులనే కూసుంటె కోతులకు అనుమానమస్తది," అంది. "దినాం జరుపాలె."

గోడ పొడవునా ఎంతైనా జరపవచ్చని, గోడ దిగి లోపలికి మాత్రం రాకూడదని, డాబా మీద అడ్డంగా ఒక సుద్ద గీత గీశాను. గీతకు ఇవతల పులికి ప్రవేశం లేదు. రజిత ఆ గీతను మళ్లీ తాను దిద్దింది, ఇంకా లావుగా.

శుక్రవారం పొద్దున ఐదున్నరకు రజిత ఫోన్ చేసింది. తలుపు మీద గీత పెట్టానని, నేను వదిలి వెళ్లిన థర్మామీటర్ యాభై ఒకటి చూపిస్తోందని చెప్పింది. పొయ్యి ఊదలేదు. ఆరు గంటలకే చాట ముందు కూర్చుంటానని అంది. మధ్యాహ్నం మస్కట్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు తాను పక్కనే ఉన్నానని తర్వాత చెప్పింది. ఏం చెడిపోయిందట అని శ్రీనివాస్ అడిగితే, నర్సవ్వ ఫోన్ లాక్కుని, "ఏం చెడలేదురా. నువ్వు పంపిన పులి జర దారి తప్పింది, సారు గోడకు కట్టేసిండు," అందట. అయితే ఉండనియ్యమన్నాడట. బండి రాలేదు.

ఆఫీసులో ఇంకో చిక్కు మిగిలింది. కంప్లైంట్ మూసేటప్పుడు ఫారంలో కారణం రాయాలి. పదకొండో కారణం కస్టమర్ తప్పుగా వాడటం. అది రాస్తే వారంటీ పోతుంది. ఒక ముసలావిడ యంత్రాన్ని కాపాడిన పనికి ఆ పేరు పెట్టడం నాకు సరిగా అనిపించలేదు. తొమ్మిదోది నీడ. అందులో నీడ వేసే వస్తువు పేరు రాయాలి: చెట్టు, గోడ, ట్యాంకు, ఇతరం. ఇతరం దగ్గర టిక్కు పెట్టి, ఖాళీలో పులి అని రాశాను.

ఇన్‌చార్జి ఫారం రెండుసార్లు చదివారు. "కోరుట్లల పులా?" అన్నారు. దుప్పటి అని చెప్పాను. ఆయన నా చేత పులి కొట్టేయించి, తీసివేయగల వస్తువు అని రాయించారు. తర్వాత నెల రోజులు ఆఫీసులో ఎవరికి నీడ కంప్లైంట్ వచ్చినా, పులి ఎక్కడుందో ముందు చూడమని చెప్పుకునేవాళ్లు.

ఈ పని నాకు నేర్పింది రెండు విషయాలు. మనం వస్తున్నామని తెలిసిన ఇల్లు మనం చూడాల్సిన ఇల్లు కాదు. యంత్రం చెడిపోయే కారణాలు ఫారంలో పదకొండే ఉన్నా, ఆ యంత్రం పక్కన రోజంతా కూర్చునే మనిషి ఎవరన్న ప్రశ్న లేకపోతే ఆ ఫారం పూర్తి కాదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంత కాలం నా ఫారాల అడుగున పన్నెండో గడి చేత్తో గీసుకునేవాణ్ణి: డాబా మీదికి ఎవరు వెళ్తారు, ఎందుకు. ఇప్పుడు ఐటీఐ పిల్లల చేత కూడా గీయిస్తున్నాను.

ఆ ఇంటికి నేను వెళ్లింది నాలుగు సార్లు. మార్చిన భాగాలు మూడు. వాటిలో చెడిపోయినవి సున్నా.